అత్తకు ఆకెవరు వేస్తారు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు చాపుకున్నా ఫరవాలేదు, ఫోను మాత్రం కాసేపు బోర్లా పెట్టండి. నేను బడికి పోయింది తక్కువ. నాలుగో తరగతిలో ఉండగా మా ఇంట్లో కండెలు చుట్టడానికి, అంటే మగ్గం గొట్టాలకు పట్టుదారం చుట్టడానికి, ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషిని నేనయ్యాను. రాయడం అంతంత మాత్రమే. కానీ ఒకసారి చెవిన పడ్డ మాట మరిచిపోవడం కూడా నాకు రాదు. అందుకని చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను. ఇది మా మేనత్త సంగతి.

మా పుట్టిల్లు బెంగళూరు పాతపేటలో, మగ్గాల సందుల్లో ఉంది. ఎదురుగా ఆటో వస్తే నడిచేవాళ్ళు గోడకు అంటుకోవలసిందే. తాతల నాటి నుంచి కింద మగ్గాలు, పైన కాపురం. ఇప్పుడు మగ్గాలు లేవు. కింది భాగం స్వీటు డబ్బాలు చేసేవాళ్ళకు బాడుగకిచ్చారు. పైన మా నాయన, మా అత్త ఉంటారు. అమ్మ పోయింది. తమ్ముడు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటాడు, పండగలకు వస్తాడు. నాది రెండు సందుల అవతలే కాపురం కాబట్టి రోజూ పొద్దున ఒకసారి వెళ్ళి వాళ్ళిద్దరినీ చూసి వస్తాను. మేం మాట్లాడేది తెలుగే గానీ పేట తెలుగు. అందులో కన్నడం ఎక్కడ మొదలవుతుందో మాకే తెలియదు.

అత్త మా నాయనకు చెల్లెలు. ఆమెను హొసకోటె పక్కనున్న ఊరికి ఇచ్చారు. పెళ్ళయిన మొదటి ఆషాఢానికి పుట్టింటికి తీసుకొచ్చారు, అందరిళ్ళల్లో చేసేదే. ఆషాఢం అయిపోయింది. వాళ్ళొచ్చి కోడలిని తీసుకుపోతారని మా తాత కూర్చున్నాడు. వీళ్ళే తెచ్చి దిగబెడతారని అక్కడివాళ్ళు కూర్చున్నారు. మా వైపు పద్ధతి ఒకటి, వాళ్ళ వైపు పద్ధతి ఒకటి. పెళ్ళిమాటలప్పుడు బాసింగాలు ఎవరు తేవాలి, మేళం ఎవరు పెట్టాలి అని గంటలకొద్దీ మాట్లాడుకున్న పెద్దలు ఈ ఒక్కటి మాట్లాడుకోలేదు. శ్రావణం పోయింది, దసరా పోయింది. మనిషిని పంపి అడిగితే తక్కువైపోతామని రెండిళ్ళవాళ్ళూ అనుకున్నారు. ఆ మరుసటి ఏడు పట్టు అమ్మే ఒకాయన వచ్చి, "మీ అల్లునికి ఇంకో పెండ్లి చేసినారంట కదప్పా" అని తాతతో అన్నాడు. తాత ఆయనకు కాఫీ ఇప్పించి పంపించాడట. పంచాయితీ లేదు, కోర్టు లేదు. అత్త వెళ్ళి కండెలు చుట్టే చోట కూర్చుంది. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆమె అక్కడే కూర్చుని ఉంది.

అట్లాగని ఏడుస్తూ బతికిన మనిషి కాదు. నోరున్న మనిషి. కూరగాయల బండివాడు ఆమె గొంతు వినపడితే తక్కెడ సరిచేసుకునేవాడు. మమ్మల్ని పెంచింది, మా పిల్లలకు నీళ్ళు పోసింది. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళి సత్రంలో దూరపు బంధువొకాయన ఆమె భర్త పోయాడని చెప్పాడు. వాళ్ళు హొసకోటె పక్క ఊరు వదిలేసి, కొడుక్కి పైపుల ఫ్యాక్టరీలో పని దొరికితే బొమ్మసంద్రకు వెళ్ళిపోయారని కూడా ఆయనే చెప్పాడు. అత్త ఆ పెళ్ళిలో భోజనం చేయకుండా ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకుంది. మెడలో తాళి తీసి డబ్బాలో పెట్టింది. బొట్టు మాత్రం తీయలేదు. "ఇది ఆయప్ప రాకముందు నుంచీ ఉండాది" అంది.

ఇక అసలు సంగతికి వస్తాను. దసరాకు ముందు వచ్చే పెద్దల అమావాస్య మా ఇళ్ళల్లో పెద్ద పండగ. పోయినవాళ్ళందరికీ నడింట్లో వరసగా అరిటాకులు వేస్తాం, మనిషికొక ఆకు. ఎవరికి ఏది ఇష్టమో అది వండి వడ్డిస్తాం. ఆకు పక్కన కొత్త బట్ట పెడతాం. మా తాతకైతే నశ్యం డబ్బీ, అవ్వకు వక్కాకు. సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరికి లాగి, అందరం బయట నిలబడతాం. లోపల పెద్దలు తింటుంటారని. కాసేపయ్యాక నాయన గట్టిగా దగ్గి, తలుపు తట్టి, అప్పుడు తెరుస్తాడు. తినేవాళ్ళ మీదికి చెప్పకుండా పోకూడదు కదా. తర్వాతే మా భోజనాలు.

అమ్మకు మొదటిసారి ఆకు వేసిన ఏడు, అత్తే దగ్గరుండి వదినకు ఇష్టమని మసాల వడలు చేసింది. ఆకు పక్కన లోటాలో కాఫీ పెట్టి, వేడిగా ఉందో లేదో వేలు పెట్టి చూసింది. మేం బయటికొచ్చి నిలబడ్డాక, మూసిన తలుపు వైపు చూస్తూ అడిగింది.

"అన్నా, నాకెవురు వేస్తారు ఆకు?"

"ఇప్పుడెందుకు ఆ మాట? గట్టిగా ఉండావు కదా" అన్నాడు నాయన.

"గట్టిగా ఉండబట్టే అడుగుతాండా. పోయినాక అడిగేకి అయితాదా?"

నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పినా బాగుండేది. "ఆడబిడ్డకు పుట్నింట్లో ఆకు లేదు. ఇచ్చిన ఇంట్లో వేయాల. మనింట్లో యానాడన్నా వేసినామా?" అన్నాడు.

పక్కనే ఉన్న తమ్ముడు, "నేను వేస్తా అత్తా. ఎవురేమంటారు?" అన్నాడు.

"నువ్వు వేస్తావు, సరే. లోపల కూచున్నోళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు నాయన. "ఇది మా వరస, నీది కాదు లెయ్ అంటారు. పిలవని బంతిలో కూచున్నట్లయితాది."

తమ్ముడు నవ్వాడు. అత్త నవ్వలేదు. ఆమెకు నాయన మాట సరిగ్గా ఉన్నట్టే తోచింది. నేను కూడా, "పోనీ మా ఇంట్లో వేస్తాలే" అన్నాను. "మీ అత్తగారోళ్ళకు నన్ను ఎవురని చెప్తావు? పక్కింటామె అనా?" అని తలుపు వైపు తిరిగింది. ఆమెకు భయమల్లా అదే. పోవడానికి భయం లేదు. పోయాక ఏడాదికి ఒక్క రోజు, అన్ని ఇళ్ళల్లో అందరూ కూర్చుని తినేటప్పుడు, తను ఎక్కడ కూర్చోవాలో తెలియక సందులో నిలబడాల్సి వస్తుందని భయం.

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఏడు బొమ్మసంద్ర దాకా మెట్రో వేశారు. ఒకరోజు పొద్దున నేను వెళ్ళేసరికి అత్త ఉతికిన కోక కట్టుకుని, సంచీలో అరటిపండ్లు, పూలు పెట్టుకుని తయారుగా ఉంది.

"రైలు బొమ్మసంద్రకు పోతాదంట కదా. నడువు, చూసొద్దాం."

కొత్త రైలు చూడాలని సరదా పడుతోందనుకున్నాను. చిక్కపేటలో ఎక్కాం, మధ్యలో దిగి ఇంకో రైలు మారాం. ఆ రెండో రైల్లో కూర్చున్నాక చెప్పింది, మేం పోతున్నది ఆమె అత్తగారింటికని. పెళ్ళి సత్రంలో కలిసిన ఆ బంధువుకు ముందురోజే పక్కింటి వాళ్ళ ఫోను నుంచి ఫోను చేసి గుర్తులన్నీ అడిగి పెట్టుకుంది. పైపుల ఫ్యాక్టరీ వెనక, వినాయకుని గుడి సందు, నీలం గేటు.

"పోయి ఏమని చెప్తావు అత్తా?"

"ఇల్లూ వాకిలీ వద్దు, ఆకు వేస్తారా అని అడుగుతా. వేస్తాం అంటే సరి, వేయం అంటే రైలు ఎక్కి వస్తాం. దానికేముంది?"

కిటికీలోంచి కింద హోసూరు రోడ్డు మీద లారీలు చీమల్లాగా పోతున్నాయి. అత్త వాటిని చూడలేదు. సంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

నీలం గేటు ఇంట్లో తలుపు తీసింది ఆయన రెండో భార్య. ఆమెను చిన్నామె అంటాను, మీకు సులభంగా ఉంటుంది. అత్తకంటే కొంచెం చిన్నది, కళ్ళద్దాలు, సన్నటి మనిషి.

"ఎవురమ్మా? బాడుగకు చూసేవాళ్ళా? పై ఇల్లు ఇచ్చేసినామే."

"బాడుగకు కాదమ్మా. పేట నుంచి వస్తాండాము. మాట్లాడి పోదామని."

"రండి రండి, కూచోండి. తిండి అయిందా?" అంది చిన్నామె. మా బెంగళూరు తెలుగులో తిండి అంటే పొద్దుటి ఫలహారం. అయిందని చెప్పాం. చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. అత్త తాగి, చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుని, అన్నంలోకి ఉప్పు తెమ్మన్నంత మామూలుగా చెప్పింది.

"నేను మీ ఇంటాయప్పకు ముందు పెండ్లామును."

చిన్నామె నవ్వేసింది. "తమాషా చేయొద్దమ్మా. ఆమె నేను ఈ ఇంటికి రాకముందే పోయింది."

"ఎవురు చెప్పినారు?"

"మా అత్త."

"ఎట్లా పోయిందంట?"

"ఆషాఢానికని పుట్నింటికి పోయిందంట. ఆడ జ్వరమొచ్చి పోయిందంట."

అత్త తల ఊపింది. "మీ అత్త చెప్పిందంటే పోయే ఉంటా. ఆమె మాటకు నేను యానాడూ ఎదురు చెప్పలేదు."

చిన్నామె నవ్వు ఆగిపోయింది. ఆమె చూపు మెల్లగా కిందికి దిగి అత్త కాళ్ళ దగ్గర ఆగింది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మావాళ్ళ నమ్మకం. అత్తకు అర్థమైంది. కుచ్చిళ్ళు కొద్దిగా పైకి ఎత్తింది.

"ముందుకే ఉండాయి. బాగా చూసుకో."

"అమ్మమ్మా" అంటూ చిన్నామె గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఆయప్పకు ఎడమ చెవెనక మచ్చ ఉండేది. నిద్రలో పండ్లు కొరికేవాడు" అంది అత్త, గుర్తులు చెబుతున్నట్టు.

"కడాదాకా కొరికినాడు" అంది చిన్నామె. ఆ మాటతో ఆమెకు నమ్మకం కుదిరింది.

మెడలోంచి ఒక తాడు పైకి తీసింది. దానికి చింతగింజంత బంగారు బిళ్ళ. ముందు భార్య పోయి రెండో పెళ్ళి చేసుకుంటే, పోయినామె కోపం తగలకుండా ఆమె పేర రెండో ఆమె మెడలో అట్లాంటి బిళ్ళ వేస్తారు. భర్త పోయినప్పుడు తాళి తీశారు గానీ ఇది ఆయనది కాదు కదా, అందుకని ఉంచారు.

"ఇదే నువ్వు" అంది చిన్నామె.

అత్త బిళ్ళను వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసింది. "చిక్కిపోయినా" అంది.

ఇక చిన్నామె నోరు ఆగలేదు. లోపల దాచుకున్నదంతా బయటికి వచ్చింది. పెళ్ళయి వచ్చిన మొదటి ఏడే అత్తగారు ఆమెచేత ముందామెకు ఆకు వేయించింది. అప్పటి నుంచీ ఒక్క అమావాస్య తప్పలేదు. కొడుక్కి జ్వరం వస్తే ముందామెకే మొక్కింది.

"నేనేం చేసినా?" అంది అత్త.

"తగ్గించినావు. రెండు దినాల్లో ఆడుకున్నాడు."

"అట్లనా. నాకు తెలియనే తెలియదు."

"పసుపు, కుంకుమ, గాజులు, పూలు అన్నీ పెట్టేదాన్ని అక్కా. నువ్వు ముత్తైదువుగా పోయినావు కదా."

"అదొక్కటి మేలు చేసినారు" అంది అత్త. ఆ "అక్కా" అన్న పిలుపు ఎప్పుడు వచ్చి చేరిందో ఇద్దరూ గమనించినట్టు లేదు. "ఏం వండేవాళ్ళు నాకు?"

"ఉలవచారు, రాగిసంగటి. నీకు ప్రాణమంట కదా. ఉలవచారు ఉంటే ఇంకో ముద్ద అడిగేదని ఆయప్పే చెప్పినాడు."

"ఇంకో ముద్ద అడక్క ఏం చేసేది? ఆ ఇంట్లో ఇంకేముండేది?" అంది అత్త. "నాకు ఉలవలు పడవు. కడుపులో మంట."

"ఇన్నేండ్లూ అదే పెట్టినామే!"

"అందుకే మంట తగ్గలేదేమో నాకు."

నేను ఆ మాటకు నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు. చిన్నామె కాస్త ఇబ్బందిగా కొంగు సరిచేసుకుంటూ, ఏటా ఆకు పక్కన పెట్టిన కోకలన్నీ తర్వాత తనే కట్టుకున్నానని చెప్పింది. అది మామూలే, మేమూ అంతే చేస్తాం. అత్త ఆమె కట్టుకున్న కోక అంచు పట్టుకుని బొటనవేలితో రుద్దింది.

"ఇదీ నాదేనా?"

"పోయిన ఏటిది."

"జరీ కాదిది, ప్లాస్టిక్కు. చచ్చినదానికి కదా, ఇది చాలులే అనుకున్నావా?"

"అంగట్లో మంచి జరీ అనే చెప్పినారక్కా!"

"మగ్గాలింటి ఆడబిడ్డ పోయిందని తెలుసు, ఆమెకు జరీ తెలుస్తాదని తెలియలేదు నీకు."

అప్పుడు చిన్నామె మేం వచ్చిన పని అడిగింది. అత్త తడబడకుండా చెప్పింది. పుట్టింట్లో ఆకు లేదు, ఇచ్చిన ఇంట్లో వేయాలన్నారు, వేస్తారేమో అడిగి పోదామని వచ్చాను, అంతే. చిన్నామె ఆమెను వింతగా చూసింది.

"దానికి అడిగేదేముంది? వేస్తానే ఉండాము కదా."

అత్త గోడకున్న కేలండరు చూస్తూ కూర్చుంది.

చిన్నామె కొడుకు షిఫ్టు ముగించుకుని ఫ్యాక్టరీ చొక్కాతోనే వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. చిన్నామె, "ఒరే, మీ పెద్దమ్మ" అంది.

"ఏ పెద్దమ్మ?"

"అమావాస్య పెద్దమ్మ."

అతను కాళ్ళకు దండం పెట్టడానికి వంగి, సగంలో ఆగాడు. తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి అత్త పాదాలు చూశాడు. "కొడుకుకూ అదే అనుమానం" అని అత్త అంటే పూర్తిగా వంగి దండం పెట్టాడు. జరిగిందంతా తల్లి చెబితే నింపాదిగా విన్నాడు. విని, అత్తకు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నువ్వు ఉండావని సంతోషమే. కానీ అట్లయితే ఈ ఏటి నుంచి నీకు ఆకు వేసేకి లేదు కదా."

అతను అనేదాకా మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

"తెలియక వేసింది వేరే. తెలిసి తెలిసి, బతికుండేవాళ్ళకు పెద్దల వరసలో ఆకు వేస్తే ఆయువుకు తగులుతాది."

"ఇన్నేండ్లు తగల్లేదే నాయనా."

"అప్పుడు మాకు తెలియదు కదా పెద్దమ్మా."

అత్త నా వైపు తిరిగింది. "చూసినావా? అడక్కుండా ఉంటే ఉండేది. అడిగేకని వచ్చి ఉన్నదాన్ని పోగొట్టుకుంటి." గొంతులో కోపం లేదు. బస్సు పోయిందని చెప్పినట్టు చెప్పింది. మళ్ళీ అతని వైపు తిరిగి, "ఇప్పుడు వద్దులే. నేను పోయినాక వేస్తావా?" అని అడిగింది.

అతను వెంటనే అవునని ఉంటే బాగుండేది. కానీ అతనూ మా నాయన లాంటి మనిషే. "మా చిన్నాయన ఉండాడు. ఇంటికి పెద్దాయన ఆయనే. ఆయన్ను అడగకుండా మాట ఇచ్చి, రేపు తప్పేది వద్దు. అమావాస్యకు వస్తాడు, ఆ పొద్దు అడిగి చెప్తా" అన్నాడు. నా ఫోను నంబరు రాసుకున్నాడు.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాం. ఆయన అంతా విని, "చచ్చిందని చెప్పినారా?" అని ఒక్కసారి అడిగాడు. తర్వాత అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. ఆ పూట మజ్జిగ అన్నం కూడా వద్దన్నాడు.

ఆ రోజు నుంచి చిన్నామె నా ఫోనుకు చేసి అత్తను పిలవడం మొదలుపెట్టింది. ఆయన గురించి ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు. వాళ్ళ అత్తగారి గురించి మాత్రం ఎంత మాట్లాడుకున్నా తరిగేది కాదు. ఉప్పు జాడీకి బీగం వేసేదట. ఇద్దరికీ అదే జాడీ, అదే బీగం. అమావాస్య దగ్గర పడ్డాక చిన్నామె, "అక్కా, ఆ వరసలో నీ చోటు ఖాళీగా ఉంటే నేను చూడలేను. నువ్వే వచ్చి మాతో బయట నిలబడు, మాతో పాటు బంతిలో కూచుని ఊటం చేసిపో. ఏం వండేది చెప్పు" అంది.

అత్త చెప్పింది. అవరెకాయలు, అంటే అనపకాయలు, దొరికితే పితికిన పప్పు, దొరక్కపోతే కందిపప్పుతో పాలకూర, వంకాయ నల్లగా వేగకుండా ఉల్లికారం, చింతపండు తగ్గించి మిరియాల చారు, నిమ్మకాయ కాదు మామిడికాయ ఊరగాయ, పాయసంలో సగ్గుబియ్యం వద్దు, సేమియా వేయాలి, బెల్లంతో కాదు చక్కెరతో.

అవతలి నుంచి చిన్నామె గొంతు నాకు కూడా వినపడింది. "నువ్వు చచ్చినప్పుడే మేలక్కా. ఉలవచారుతో అయిపోయేది."

అమావాస్య నాడు మా ఇంట్లో పని పొద్దున్నే ముగించుకుని మళ్ళీ రైలెక్కాం. బొమ్మసంద్ర ఇంట్లో నడింట్లో ఆకులు వేసి ఉన్నాయి. అత్త భర్తది, ఆయన అమ్మానాన్నలవి, ఇంకా పైవాళ్ళవి. నడుమ ఒకచోట మనిషి కూర్చునేంత ఎడం వదిలేసి ఉంది. సర్దితే ఒకటి లెక్క తప్పినట్టు అనిపించిందేమో, సర్దకుండా అట్లాగే ఉంచారు. అందరితో పాటు బయటికి వచ్చి నిలబడ్డాం. మూసిన తలుపు ముందు కొడుకు ఆ మాట ఎత్తాడు.

వాళ్ళ చిన్నాయన కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్తను చూసి వదినా అని పలకరించాడు, బాగున్నావా అన్నాడు. కానీ ఆకు మాట వినగానే తల అడ్డంగా ఊపాడు.

"ఆకు వేసేది పెద్ద పని కాదురా. కానీ ఊర్లో అందరికీ వదిన పోయిందని చెప్పింది మా అమ్మ. రేపు ఈమె పోతే కర్మ చేసి కొత్తగా ఆకు వేస్తే ఏమయినట్లు? మా అమ్మ అబద్ధం చెప్పిందని మనమే ఒప్పుకున్నట్లు. మా అమ్మ లోపల కూచుని తింటాంది. నేను ఒప్పుకోను."

అత్త తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. కొడుకు తొందరపడలేదు. చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"చిన్నాయనా, ఆకు కొత్తగా వేసేదేముండాది? ఇన్నేండ్లూ వేసినాం. ఇప్పుడు నడుమ కొన్నేండ్లు ఆపుతాం, మళ్ళా వేస్తాం. అవ్వ అబద్ధం చెప్పలేదు. స్వల్ప ముందుగా చెప్పింది, అంతే."

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. నవ్వకూడదని పెదవులు బిగించాడు గానీ, భుజాలు కదిలిపోయాయి. "ముందుగా చెప్పిందంట! మా అమ్మకు తొందర జాస్తి, అది నిజమే" అన్నాడు. కర్రతో నేల మీద ఒకసారి తట్టాడు. "సరే, వేసుకో. వదినా, ఇంక నీకు ఈ ఇంట్లో ఆకు ఉండాది. నేను చెప్తాండా."

కొడుకు గట్టిగా దగ్గి, తలుపు తట్టి తెరిచాడు. అందరూ సాంబ్రాణి పొగలోకి వెళ్ళి దండాలు పెట్టుకుంటుంటే, అత్త మాత్రం గడప దగ్గరే నిలబడి వరసంతా ఒక కొస నుంచి ఇంకో కొసకు చూసింది. ఆ ఎడం దగ్గర చూపు ఆపింది.

"ఇదేనా నాది?"

"అవును పెద్దమ్మా. నాయనకూ అవ్వకూ నడుమ."

"మీ అవ్వ పక్కన వద్దు" అంది అత్త. "నేనొచ్చినప్పుడు నన్ను ఈ కొసకు వెయ్యి. తలుపు దగ్గర. గాలి వస్తాది."

అతను వరసను, తలుపును కొలిచి చూసినట్టు చూసి, "సరే, కొసకే వేస్తా" అన్నాడు. అప్పుడు అత్త లోపలికి వెళ్ళి, బతికున్నవాళ్ళ బంతిలో కూర్చుని, పాయసం రెండోసారి వేయించుకుని తిని వచ్చింది. పాయసంలో చక్కెర తక్కువైందని రైల్లో నాతో చెప్పింది.

విన్నారు కదా. ఇంతసేపు పనులు మానుకుని నా మాట విన్నందుకు మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ నడింట్లో ఆకులు నిండుగా పడాలి. వడ్డించేవాళ్ళ చేతికి నొప్పి రాకూడదు. వద్దు, చాలు, ఇంకొంచెం అనే గొంతులు మీ బంతిలో ఎప్పుడూ వినపడుతుండాలి. మీ ఇంటి ఆడపిల్లలకు రెండిళ్ళల్లోనూ చోటుండాలి. పోయి రండి.